మెదడు గడ్డ ఆపరేషన్ తర్వాత పిల్లల బరువు: ఏ దారి ముందు, ఏ దారి తర్వాత

ఆపరేషన్ అయిన నాలుగో నెల. మావాడు పొద్దున మూడు దోశలు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకుంటూనే "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. మారాం చేస్తూ కాదు, కళ్ళనిండా నీళ్ళతో. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు. ఆపరేషన్ రోజు 27 కిలోలు ఉన్నవాడు ఆరు నెలలు తిరిగేసరికి 41 కిలోలయ్యాడు. కావలి బజారులో ఎదురుపడ్డ వాళ్ళందరిదీ ఒకటే మాట: "ఏం పెడతా ఉండావమ్మా పిలకాయకి, ఇట్టా అయినాడు?"

నాలుగేళ్ళ కిందట ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. డాక్టర్లను అడిగి, చదివి, తప్పులు చేసి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్న అమ్మానాన్నలకు, ఎదురుగా ఉన్న దారుల్లో ఏది ముందు పట్టుకోవాలో ఏది ఆపి ఉంచాలో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఆశ. మందు మార్చడం, మోతాదు తగ్గించడం మాత్రం మీ డాక్టరు చెప్పాకే. ఈ పిల్లల విషయంలో ఆ తప్పు ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు ఇది తిండిపోతుతనం కాదని ఒప్పుకోవాలి

మావాడికి వచ్చిన గడ్డ పేరు క్రేనియోఫారింజియోమా. క్యాన్సర్ కాదు, కానీ పుట్టే చోటు చెడ్డది. ఒంట్లో హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథిని ఆనుకొని, దాని పైనుండే, ఆకలిని అదుపుచేసే మెదడు భాగమైన హైపోథాలమస్‌ను ఒత్తుకుంటూ పెరుగుతుంది. పిల్లల్లో ఎక్కువగా 5 నుంచి 14 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. పది లక్షల జనాభాలో ఏడాదికి ఒకరిద్దరికి మించి రాదు. అందుకే మన ఊళ్ళో మనలాంటి ఇంకో అమ్మ కనబడదు.

కొవ్వులో తయారయ్యే లెప్టిన్ అనే హార్మోను "ఇక చాలు" అనే కబురును హైపోథాలమస్‌కు చేరవేస్తుంది. గడ్డ వల్ల గానీ ఆపరేషన్ వల్ల గానీ అక్కడ దెబ్బ తగిలితే, కబురు వచ్చినా అందుకునే వాళ్ళుండరు. ఒళ్ళు కరువులో ఉందని మెదడు అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గించేస్తుంది, మెదడు నుంచి పొట్టకు దిగే వేగస్ నరం ద్వారా క్లోమాన్ని తొందరపెట్టి ఇన్సులిన్ ఎక్కువగా చేయిస్తుంది. ఆ ఇన్సులిన్ తిన్నదాన్ని కొవ్వు కింద దాచిపెడుతుంది. అందుకే తోటిపిల్లలకన్నా తక్కువ తిన్నా వీళ్ళు లావవుతారు. చికిత్స తర్వాత ఇంచుమించు సగం మంది పిల్లలకు ఈ బరువు సమస్య వస్తుంది. మొదటి 6–12 నెలల్లోనే చాలావరకు పెరిగిపోతారు.

దీన్ని హైపోథాలమిక్ ఒబేసిటీ అంటారు. ఆ రెండు మాటలు మీ పిలకాయ ఓపీ చీటీ మీద రాయించుకోండి. రాయించుకోకపోతే కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ "జంక్ ఫుడ్ మాన్పించండి, ఆడుకోనివ్వండి" అనే సలహాతో తిరిగి వస్తారు. నేను మూడుసార్లు అలాగే వచ్చాను.

ఆపరేషన్ ఇంకా కానివాళ్ళు

గడ్డ అంతా తీసేయడమా, కొంత వదిలి రేడియేషన్ ఇప్పించడమా అనే ప్రశ్న మీ ముందుకు వస్తుంది. అంతా తీసేస్తే పని అయిపోయినట్టు మనకు అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. కానీ గడ్డ హైపోథాలమస్‌ను అంటుకొని ఉంటే, దాన్ని పీకి తీయడంలోనే ఆ భాగం చెడుతుంది. అందుకని ఇప్పుడు చాలా మంది సర్జన్లు అక్కడ అంటుకున్న ముక్కను వదిలేసి, మిగిలినదానికి రేడియేషన్ ఇప్పించే వైపు మొగ్గుతున్నారు. దానికీ నష్టాలు లేకపోలేదు. రేడియేషన్ వల్ల హార్మోన్లు తర్వాత్తర్వాత తగ్గొచ్చు, గడ్డ మళ్ళీ పెరిగే భయమూ ఉంటుంది కాబట్టి స్కాన్లు ఏళ్ళ తరబడి తీయిస్తూనే ఉండాలి.

మీ సర్జన్‌ను ఒక్కటి అడగండి: "ఎమ్మారైలో గడ్డ హైపోథాలమస్‌ను పక్కకు నెట్టిందా, లోపలికి పాకిందా?" ప్యారిస్ డాక్టర్లు 2007లో దీనికి 0, 1, 2 అని గ్రేడులు పెట్టారు. 0 అంటే తాకలేదు, 1 అంటే నెట్టింది, 2 అంటే హైపోథాలమస్ గుర్తుపట్టలేనంతగా ఆక్రమించింది. గ్రేడ్ 2 అయితే మొత్తం తీసేయడానికి తొందరపడవద్దని నా గట్టి అభిప్రాయం. రేడియేషన్‌లో మామూలుదా ప్రోటానా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ప్రోటాన్ కిరణం గడ్డ దాటాక దాదాపు ఆగిపోతుంది కాబట్టి చుట్టుపక్కల మెదడుకు తక్కువ తగులుతుంది. చెన్నైలో అపోలో ప్రోటాన్ సెంటర్ 2019లో మొదలైంది. నెల్లూరు నుంచి రోడ్డు మీద 175 కిలోమీటర్లు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి, కాగితం చూసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

మొదటి ఎంపిక: స్టెరాయిడ్ మాత్ర ఏది, ఎంత

బరువు గురించి ఆలోచించేటప్పుడు అందరూ తిండి దగ్గర మొదలుపెడతారు. నేను మాత్ర దగ్గర మొదలుపెట్టమంటాను.

పిట్యూటరీ దెబ్బతిన్న చాలా మంది పిల్లలకు, జబ్బు చేసినప్పుడు ఒంటిని నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోను సరిగ్గా తయారు కాదు. దాని బదులు జీవితాంతం స్టెరాయిడ్ వేసుకోవాలి, మానకూడదు. కానీ ఏ స్టెరాయిడ్? మమ్మల్ని డిశ్చార్జి చేసిన చోట హైడ్రోకార్టిసోన్ స్టాకు లేదని ప్రెడ్నిసొలోన్ రాసిచ్చారు. "రెండూ ఒకటేనమ్మా" అన్నారు. ఒకటి కాదు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ దాదాపు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌తో సమానం. తొమ్మిదేళ్ళ పిలకాయకు హైడ్రోకార్టిసోన్ లెక్క చదరపు మీటరు శరీర వైశాల్యానికి రోజుకు 8–10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. మావాడికి రోజంతటికీ పది సరిపోయేది. వాళ్ళిచ్చిన మాత్ర దానికి రెట్టింపు పని చేసింది. ఆకలి, బుగ్గలు, పొట్ట అన్నీ అందులోంచి కూడా పెరిగాయి. ప్రెడ్నిసొలోన్ ఎత్తును కూడా అణుస్తుంది. హైడ్రోకార్టిసోన్‌తో వచ్చే చిక్కు, రోజుకు మూడుసార్లు వేయాలి, చిన్న ఊళ్ళ షాపుల్లో ఎప్పుడూ ఉండదు. అయినా ఎదిగే పిల్లలకు అదే మేలు. నెల్లూరు షాపుకు ముందుగా చెప్పి రెండు నెలలవి ఒకేసారి తెప్పించుకుంటున్నాను.

మోతాదు తగ్గించమని డాక్టర్ను అడగడం వేరు, మనమే తగ్గించడం వేరు. రెండోది ఎప్పుడూ చేయవద్దు.

థైరాయిడ్ మాత్ర విషయంలోనూ ఒక తేడా ఉంది. మామూలు వాళ్ళకు టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, ఎంతుందో చూసి మోతాదు సరిచేస్తారు. వీళ్ళకు టీఎస్‌హెచ్ పంపే పిట్యూటరీయే చెడింది, ఆ అంకె మోసం చేస్తుంది. థైరాయిడ్ చేసే హార్మోనునే కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష చూడాలి. ల్యాబులో "టీఎస్‌హెచ్ నార్మల్" అని వస్తే సంబరపడకండి. ఇంకొకటి, స్టెరాయిడ్ మొదలుపెట్టాకే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఇప్పించాలా వద్దా అని చాలా మంది అడుగుతారు. దానితో బరువు మంత్రించినట్టు తగ్గదు. కండ పెరిగి కొవ్వు నిష్పత్తి కాస్త మెరుగవుతుంది. గడ్డ తిరిగి రావడానికి అది కారణం కాదని ఇప్పటివరకు చూసిన పిల్లల లెక్కలు చెబుతున్నాయి. స్కాను నిలకడగా ఉండి డాక్టరు సరేనంటే, డబ్బుకు వీలైతే, నేను ఇప్పించమంటాను.

ఇంట్లో: బుద్ధి చెప్పడమా, తాళమా

మేము మూడు పద్ధతులు చూశాం. మొదటిది తిట్టడం. ఆరు నెలలు చేశాను, ఇప్పటికీ ఆ రోజులు గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది. ఆకలి వాడి చేతిలో లేనప్పుడు తిట్టి ఏం లాభం, వాడు దొంగతనంగా తినడం నేర్చుకున్నాడు. రెండోది ఆశ పెట్టడం. వారమంతా తగ్గించి తింటే ఆదివారం కాజా అన్నాం. వాడి బుర్రలో వారమంతా ఆ కాజానే.

మూడోది ఇల్లు మార్చడం. అదే పని చేసింది. చిరుతిళ్ళ డబ్బాలు ఇంట్లోనే లేకుండా చేశాం. కారప్పూస, మైసూర్‌పాకు, బిస్కెట్లు మా ఆయన కోసం కూడా రావు. వంటింటికి తాళం వేస్తాం. చెప్పుకోవడానికి మొదట సిగ్గేసింది. కానీ తాళం పడ్డ మూడో రోజే మావాడు మా అత్తమ్మతో అన్న మాట వినండి: "నాయనమ్మా, ఇప్పుడు నాకు టెన్షన్ తగ్గింది. తినాలా వద్దా అని ఆలోచించక్కర్లేదు." తిండి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ముందే తెలిస్తే వీళ్ళు కుదుటపడతారు. మా వంటింటి తలుపు మీద టైములు రాసి ఉంటాయి: 7:30, 12:30, 4:30, 7:30. ఐదు నిమిషాలు కూడా అటూ ఇటూ కానివ్వను.

కష్టమల్లా ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించడంలో ఉంది. "పిలకాయ ఆకలంటే పెట్టకుండా ఎట్టా ఉండేదే తల్లీ" అని మా అత్తమ్మ ఏడ్చేది. ఆమెను కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఎమ్మారై ఫిల్ములో ఆ తెల్లని చోటు ఆమెకు చూపించారు. ఆ తర్వాత తాళంచెవి ఆమె కొంగుకే ఉంటోంది.

ఇక అన్నమా, రాగులా? మొలగొలుకుల అన్నం తిని పెరిగిన ఇల్లు మాది, అన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదు. అన్నం మాని రాగికి మారితే చాలని అందరూ చెప్పారు. లెక్క చూస్తే 100 గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 356 కేలరీలు, రాగుల్లో సుమారు 320. పెద్ద తేడా లేదు. తేడా అంతా పీచులో ఉంది. బియ్యంలో 3 గ్రాములలోపే, రాగుల్లో 11. గట్టి సంగటి ముద్ద మెల్లగా అరుగుతుంది, అదే పిండిని పల్చగా జావ కాచి బెల్లం కలిపితే ఆ లాభం పోతుంది. అందుకని మా ఇంట్లో మధ్యాహ్నం కొలిచిన చిన్న ముద్ద సంగటి, దానికి రెండింతలు కూర, చేపల పులుసులో రెండు ముక్కలు. పులుసు కూడా నూనె తేలకుండా. బడిలో మధ్యాహ్న భోజనం తినే పిల్లలైతే టీచరుతో మాట్లాడండి. గుడ్డు ఉంచి, చిక్కీని పక్కనపెట్టమనండి.

మూడు సలహాలు మీ దాకా తప్పకుండా వస్తాయి, మూడింటినీ వద్దంటాను. "అన్నానికి ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగిస్తే ఆకలి చస్తుంది" అంటారు. మూత్రం అదుపు కోసం డెస్మోప్రెసిన్ వేసుకునే పిల్లలకు అదనపు నీళ్ళు బయటికి పోవు. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. నీళ్ళ లెక్క డాక్టరు చెప్పినంతే. రెండోది ఉపవాసం, రోజుకు ఒకపూట తినడం. కార్టిసాల్ లేని పిల్లలకు పస్తుంటే షుగర్ పడిపోతుంది. మూడోది, అన్నం పూర్తిగా మానేసి కొవ్వు మాత్రమే తినే డైట్లు. పెద్దవాళ్ళ షుగర్‌కు ఎవరో చేశారని పిలకాయ మీద ప్రయోగించవద్దు.

నిద్ర, నడక

నిద్ర చెడితే ఆకలి ఇంకా పెరుగుతుంది. సాయంత్రం ఆలస్యంగా వేసే స్టెరాయిడ్ మాత్ర నిద్ర చెడగొడుతుంది. రాత్రి డెస్మోప్రెసిన్ పనితనం తగ్గితే మూత్రానికి నాలుగుసార్లు లేస్తారు. రెండూ డాక్టర్‌కు చెప్పి సరిచేయించుకోవచ్చు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టుంటే స్లీప్ టెస్టు అడగండి.

కదలికకు సైకిల్, ఈత, నడక అని మూడు దారులు అనుకున్నాం. ఈ గడ్డ చూపు నరాలను కూడా నొక్కుతుంది. మావాడికి రెండు పక్కలా చూపు తగ్గింది, పక్కనుంచి ఆటో వస్తే కనబడదు. అందుకని రోడ్డు మీద సైకిల్ మాన్పించేశాం. ఈత మంచిదే గానీ పక్కన మనిషి లేకుండా వద్దు. మిగిలింది నడక. ఆదివారం తుమ్మలపెంట బీచిలో ఇసుక మీద, మిగతా రోజులు డాబా మీద. కత్తిరి ఎండల్లో మాత్రం పొద్దున ఆరుకు ముందే. చెమటా నీళ్ళ లెక్కా తప్పితే వీళ్ళు తొందరగా సొమ్మసిల్లుతారు.

బరువు తగ్గించే మందుల్లో

షుగర్ రోగులు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న పిల్లలకు కొంత సాయం చేస్తుంది. బరువు బాగా దింపుతుందని ఆశించకండి. షుగర్ గానీ కాలేయంలో కొవ్వు గానీ కనబడ్డ పిల్లలకు ముందు ఇదే ప్రయత్నిస్తారు, అది సబబే.

ఆకలి తగ్గించే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు, అంటే లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ లాంటివి ఇప్పుడు అందరి నోటా ఉన్నాయి. ఈ రెండింటినీ 12 ఏళ్ళు దాటిన పిల్లల మామూలు ఊబకాయానికి అమెరికాలో అనుమతించారు. హైపోథాలమస్ దెబ్బతిన్న పిల్లల్లో ఫలితం ఒక్కలాగా లేదు. కొందరికి బాగా తగ్గింది, కొందరికి పెరగడం మాత్రం ఆగింది. ఈ జాతిలోదే ఎక్సెనటైడ్‌ను వారానికోసారి ఇచ్చి చూసిన పరీక్షలో బీఎమ్‌ఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంతకన్నా నన్ను భయపెట్టేది వాంతులు. మొదటి వారాల్లో ఈ మందుతో వాంతులు మామూలే. మన పిలకాయ వాంతి చేసుకుంటే దానితోపాటు స్టెరాయిడ్ మాత్ర కూడా బయటికి పోతుంది. మొదలుపెట్టేటట్టయితే చిన్న మోతాదుతో, డాక్టర్‌ను వెంటనే అందుకోగల చోట ఉండి, సెలవుల్లో మొదలుపెట్టండి. యూట్యూబ్ చూసి షాపులో కొనడం వద్దే వద్దు.

సెట్‌మెలనోటైడ్ అనే రోజువారీ ఇంజెక్షన్ మీదే నా ఆశ. చెడిపోయిన చోటును దాటుకొని, "చాలు" అనే కబురును ఆ తర్వాతి మజిలీలో నేరుగా అందిస్తుంది. దీన్ని 2020లో అమెరికా మొదట జన్యులోపాల వల్ల వచ్చే ఊబకాయానికి అనుమతించింది. మనలాంటి పిల్లలు, పెద్దవాళ్ళు కలిపి 120 మంది మీద 52 వారాలు చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్ళ బీఎమ్‌ఐ సగటున 16 శాతానికి పైగా తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళది 3 శాతం పెరిగింది. చర్మం నల్లబడడం, పుట్టుమచ్చలు ముదరడం దీని ప్రభావాలు. నెల్లూరు ట్రంకురోడ్డు షాపుల్లో అడిగితే దొరికే మందు కాదు, ధర మన అందుబాటులో లేదు. అయినా ప్రతి విజిట్‌లో డాక్టర్‌ను దీని గురించి అడుగుతూనే ఉంటాను.

మెథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజక మందులు, పగలంతా తూగుతూ కదలకుండా ఉండే పిల్లలకు కొందరు డాక్టర్లు వాడతారు. గుండె, బీపీ చూసుకుంటూ ఇవ్వాల్సినవి. ఆక్ట్రియోటైడ్ ఇన్సులిన్‌ను అణుస్తుంది గానీ పిత్తాశయంలో రాళ్ళు తెస్తుంది. నేనైతే దాని జోలికి పోను.

పొట్ట ఆపరేషన్ ఆఖరి మాట. చేయక తప్పనప్పుడు పొట్టకు బ్యాండు వేయడంకన్నా, చాలా భాగం కోసేయడంకన్నా, తిండిని పేగులో కిందికి మళ్ళించే బైపాస్‌తోనే ఈ రోగుల్లో బరువు నిలకడగా తగ్గింది. కానీ తేలిగ్గా వెనక్కి తీసుకోలేనిది, హార్మోను మాత్రలు ఒంటికి పట్టే తీరు మారిపోతుంది. ఎదుగుదల పూర్తికాని పిలకాయకు చేయిస్తామని ఎవరైనా తొందరపెడితే ఇంకో చోట అడగండి.

ఎవరి దగ్గర చూపించుకోవాలి

చెన్నై ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. కావాల్సింది పిల్లల హార్మోన్ల డాక్టరు, ఎక్కడున్నా. వెల్లూరు సీఎంసీలో ఉన్నారు, చెన్నైలో చాలామంది ఉన్నారు. తిరుపతి స్విమ్స్‌లో ఎండోక్రైన్ (హార్మోన్ల) విభాగం ఉంది, నెల్లూరు, గూడూరు వాళ్ళకు ఖర్చు తక్కువ. ఒంగోలు, పొదిలి, దర్శి వైపు వాళ్ళకు మంగళగిరి ఎయిమ్స్ దగ్గర. ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే బరువు కోసం కూడా పోతూ మేము ఏడాది పోగొట్టుకున్నాం. సర్జన్ స్కాను చూస్తాడు, బరువు చూసేవాళ్ళు వేరే ఉండాలి.

మేము ఎంచుకున్నది రెండు చోట్లు. ఆర్నెల్లకోసారి చెన్నైలో హార్మోన్ల డాక్టరు. అప్పుడే షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొవ్వులు, కాలేయం పరీక్షలు. నెలనెలా కావలిలో పిల్లల డాక్టరు, బరువూ ఎత్తూ చూసి దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం (ఐఏపీ) 2015 ఎదుగుదల చార్టు మీద చుక్క పెడతారు. దూరపు పెద్ద డాక్టరు ఒక్కరే ఉంటే రాత్రిపూట జ్వరం వస్తే దిక్కుండదు. దగ్గరి డాక్టరు ఒక్కరే ఉంటే మందుల లెక్క తప్పుతుంది.

చెన్నై డాక్టరు ఒక కాగితం రాసిచ్చారు. జ్వరం వస్తే స్టెరాయిడ్ మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలని, వాంతులు ఆగకపోతే పరీక్షల కోసం కూర్చోకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ముందు చేయాలని అందులో ఉంటుంది. 3–12 ఏళ్ళ పిలకాయలకు 50 మిల్లీగ్రాములు, ఆ పైన 100. ఆ కాగితం, ఒక ఇంజెక్షన్ సీసా, సిరంజి ఎప్పుడూ నా సంచిలోనే ఉంటాయి. పెళ్ళికి పోయినా, బడికి పోయినా.

మొన్న దసరా రాత్రి రెండున్నరకు మావాడికి వాంతులు పట్టుకున్నాయి. దగ్గరి నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయాం. డ్యూటీ డాక్టరమ్మ చిన్నమ్మాయి, ఈ జబ్బు పేరు విననే లేదంది. కాగితం రెండుసార్లు చదివి, "ఇంజెక్షన్ ఉందా అమ్మా?" అని చెయ్యి చాపింది. తెల్లవారేసరికి వాడు మంచం మీద లేచి కూర్చొని, "అమ్మా, టిఫినేంది?" అన్నాడు. ఆకలి అని వాడు అంటే నాకు సంతోషం కలగడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి.